మన పిల్లల గంటలకు పద్దు రాయాలె

(జగిత్యాలలో పదో తరగతి పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు కూడిన సభలో ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



కోరుట్ల నుంచి, సిరిసిల్ల నుంచి బస్సు కిరాయిలు పెట్టుకుని వచ్చిన్రు. ఒక దినం కూలి పోగొట్టుకుని వచ్చిన్రు. అందుకని వూకదంపుడు వుపన్యాసం చెప్పను. ఇవాళ ఒక్కటే మాట మాట్లాడుత. పదో తరగతి అయిపోయిన పిల్లగాడు, పిల్ల కాలేజి చదువులోకి ఎంత తొందరగా, ఎన్ని గడపలు దాటి పోవాలె? ఆ గడపలు ఎవరు కట్టిన్రు? వాటిని తగ్గించే తొవ్వలు ఏమేం వున్నయి? వున్న తొవ్వల మీద ఎవరు నడుస్తున్నరు?

ముందు కాలం గురించి చెప్త. మనం భూమి గురించి మాట్లాడినం, కూలి గురించి మాట్లాడినం, రెండు గ్లాసుల గురించి మాట్లాడినం. కాలం గురించి మాత్రం తక్కువ మాట్లాడినం. వెట్టి అంటే ఏంది? దొర మన కాలాన్ని తినుడే వెట్టి. మాదిగోడు చెప్పులు కుట్టిచ్చిన గంటలకు, మాలోడు కావలి కాసిన గంటలకు, మన అవ్వలు గడీల వాకిళ్ళు వూడ్చిన గంటలకు పద్దు లేదు. ఏ పుస్తకంల రాయలె. అప్పు మాత్రం రాసిన్రు, మిత్తి మాత్రం రాసిన్రు. 1978 సెప్టెంబర్ 7న ఇదే జగిత్యాలలో జైత్రయాత్ర నడిచిందంటే, వేల మంది పల్లెల నుంచి కదిలి వచ్చిన్రంటే, పద్దు లేని ఆ గంటల కోపం కూడా అందులో వుంది. ఆ మరుసటి నెలనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

చదువులో కూడా ఇదే లెక్క. చదివిన గంటలకు పద్దు రాసే పద్ధతినే యూనివర్సిటీ భాషలో క్రెడిట్ అంటరు. ఒక సబ్జెక్టు ఇన్ని గంటలు చదివి, పరీక్ష పాసయితే ఇన్ని క్రెడిట్లు. అన్ని క్రెడిట్లు కూడితే డిగ్రీ. అంతకు మించి అందులో మంత్రం ఏమీ లేదు. మన వాడల్లో మిత్తి లెక్క తెలిసిన ఏ అవ్వకైనా ఇది అర్థమైతది. కాకపోతే ఇక్కడ పద్దు మన పేరు మీద జమ అవుతది.

అమెరికాలో ఒక పద్ధతి వుంది. హైస్కూల్లో వుండంగనే పిల్లలు కాలేజి సబ్జెక్టులు చదువుతరు. ఆ మార్కులు బడి లెక్కలోనూ పడుతయి, కాలేజి లెక్కలోనూ పడుతయి. 1985లో మిన్నెసోటా రాష్ట్రం చట్టం చేసి, పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు కాలేజిల చదువుకోవచ్చు, ఫీజు సర్కారే కడ్తది అన్నది. తర్వాత చాలా రాష్ట్రాలు ఆ బాట పట్టినయి. 2002 నుంచి ఎర్లీ కాలేజ్ హైస్కూళ్ళు అని పెట్టిన్రు. ఇంట్ల ఎవరూ కాలేజి మెట్టు ఎక్కని పిల్లలను అందులో చేర్చుకోవాలన్నది ఉద్దేశం. లాటరీలో సీటు దొరికిన పిల్లలను, దొరకని పిల్లలను పోల్చి చూస్తే, సీటు దొరికినోళ్ళే ఎక్కువగా కాలేజి పట్టా పుచ్చుకున్నరని పరిశోధకులు తేల్చిన్రు.

ఇక్కడ ఆగి ఆలోచించాలె. పిల్లలు అవే పిల్లలు. ఇండ్లు అవే ఇండ్లు. లాటరీ చీటీ ఒక్కటే తేడా. అంటే ఏందన్నట్టు? మనోళ్ళకు చదువు రాదు, తలకాయల లేదు అని తరతరాలుగా చెప్పిన మాట పచ్చి అబద్ధం అన్నట్టు. గడప తీసేస్తే పిల్ల లోపలికి పోతది. అయితే అదే అమెరికాలో ఇంకో నిజం కూడా వుంది. ఈ కాలేజి సబ్జెక్టులు చదివే పిల్లల్లో నల్లజాతి పిల్లల వాటా చాలా రాష్ట్రాల్లో వాళ్ళ జనాభా కంటే తక్కువగానే వుంది. తొవ్వ వేసినంత మాత్రాన చాలదు, ఆ తొవ్వ ఎవరి వాడల నుంచి పోతున్నదో చూడాలె.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. మన రాష్ట్రంల 1969 నుంచి రెండేండ్ల ఇంటర్ వచ్చింది. అంతకు ముందు పీయూసీ వుండె. వేరే రాష్ట్రాల్లో పదకొండు, పన్నెండు బడిలోనే చదువుతరు. మన దగ్గర బడి పదితోనే ఆగుతది. తర్వాత జూనియర్ కాలేజి అని వేరే గడప, వేరే బోర్డు, వేరే ఊరు. పదిహేనేండ్ల పిల్ల బడి విడిచి కొత్త గడప తొక్కాలె. టీసీ కావాలె, కుల సర్టిఫికెట్ కావాలె, ఆదాయం సర్టిఫికెట్ కావాలె, బస్‌పాస్ కావాలె, హాస్టల్ సీటు కావాలె. ఆ వేసవి సెలవుల్లోనే మన పిల్లలు జారిపోతున్నరు. బడిల వుండంగ పిల్ల, సెలవుల్ల బీడీల చాట ముందట కూసున్న పిల్ల, జూన్‌ల అత్తగారింట్ల పిల్ల. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల వాడల్లో బీడీలు చుట్టే అక్కలు ఈ సభల వున్నరు. నేను అబద్ధం చెప్తున్ననా అక్కా?

మొగపిల్లల సంగతి కూడా అంతే. పది అయిపోయిందంటే పాస్‌పోర్టు మాట మొదలైతది. దుబాయి, మస్కట్, సౌదీ. సిరిసిల్లల పద్మశాలి పిల్లగాడైతే సాంచల కాడికి పోతడు. మాదిగ పిల్లగాడు సెంట్రింగు పనికో, డప్పుకో పోతడు. కులాలు వేరైనా జారిపోయే జాగ ఒక్కటే. అందుకే ఇది ఒక్క ఎస్సీల ముచ్చట కాదు, బహుజనులందరి ముచ్చట.

ఇంటర్ చేరిన్రే అనుకుందాం. అక్కడ ఇంకో గడప వుంది. కార్పొరేట్ కాలేజీలు ఎంట్రెన్స్‌కు తయారుచేస్తమని లక్షలు గుంజుతయి. పైస వున్నోడు ఎంట్రెన్స్ కోసం చదువుతడు. పైస లేనోడు ఇంటర్ పాస్ అయితే చాలని చదువుతడు. ఇద్దరూ ఒకే పరీక్ష రాస్తరు. దాని పేరు మెరిట్! రెండేండ్ల కోచింగ్ కొనుక్కున్న ర్యాంకును మెరిట్ అంటరు, రెండేండ్లు తల్లితో పాటు ఆకు కత్తిరించుకుంట తెచ్చుకున్న ర్యాంకును రిజర్వేషన్ అంటరు.

ఈ రెండు గడపలను ఒక్క దెబ్బకు తీసేసిన ప్రయత్నం మన దగ్గర ఒకటి జరిగింది. బాసర. 2008లో చట్టం చేసి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టిన్రు. బాసర, నూజివీడు, ఇడుపులపాయ అని మూడు చోట్ల. జనం దాన్ని ట్రిపుల్ ఐటీ అనే పిలుస్తరు. పదో తరగతి కాంగనే యూనివర్సిటీ ప్రవేశం. ఎంట్రెన్స్ లేదు, కోచింగ్ లేదు. పదిల వచ్చిన మార్కులే లెక్క. మొదటి రెండేండ్లు పీయూసీ, తర్వాత నాలుగేండ్లు బీటెక్. మొత్తం ఆరేండ్లు ఒకే జాగల. పదహారేండ్ల పిల్ల కూడా యూనివర్సిటీ సెమిస్టర్లల్ల, యూనివర్సిటీ సార్ల దగ్గర చదువుతది. పీయూసీ ఇంటర్‌కు సమానంగా చెల్లుతది.

మీరు వేళ్ళ మీద లెక్కబెట్టున్రి. మామూలు తొవ్వల పది, ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు, మొత్తం పదహారు. బాసర తొవ్వల పది, ఆరు, మొత్తం పదహారే. ఏండ్లు తగ్గలేదు. మరి తగ్గిందేంది? గడపలు. కార్పొరేట్ ఇంటర్ గడప పోయింది, ఎంట్రెన్స్ గడప పోయింది. పదితోని ఒక్కసారి లోపలికి పోతే పట్టాతోనే బయటికి రావచ్చు. మన పిల్లలు చదువు లోపల వోడిపోయేది తక్కువ. ఒక చదువు నుంచి ఇంకో చదువుకు పోయే నడిమి సందులల్ల వోడిపోయేదే ఎక్కువ. బాసర ఆ సందును మూసింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్త.

ఇంకొక మంచి పని కూడా చేసిన్రు. రెసిడెన్షియల్ కాని సర్కారు బడుల్ల చదివిన పిల్లలకు, పదిల గ్రేడ్ పాయింట్లు వున్న ఏండ్లల్ల, 0.4 పాయింట్లు కలిపి లెక్కగట్టిన్రు. దాని పేరు డిప్రివేషన్ స్కోర్. లేమి పాయింట్లు అందాం. జిల్లా పరిషత్ బడుల సార్లు సరిపోను వుండరు, ల్యాబ్ వుండదు, అయినా ఈ పిల్ల ఇన్ని మార్కులు తెచ్చిందంటే దాని బరువు వేరే అని సర్కారు కాయితం మీద ఒప్పుకున్నది. మనం నూరేండ్ల నుంచి మొత్తుకుంటున్న మాటనే అది! ఒకే గీత నుంచి పందెం మొదలుకాలేదని మనం అంటే కులగజ్జి అన్నోళ్ళే, 0.4 అని అంకె వేసి రాసేసరికి సైన్స్ అన్నరు.

ఈ మూడు జాగల మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా పల్లె నుంచి పోయి, కంప్యూటర్ రంగంల 1994లో ట్యూరింగ్ అవార్డు తీసుకున్నడు. పల్లె పిల్లలకు కంప్యూటరు ఇచ్చి, మంచి చదువు చెప్తే ఎవరికీ తీసిపోరన్నది ఆ ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ ఆలోచన పెట్టినంత తేలిక కాదు నడుపుడు. 2022 జూన్‌ల బాసర పిల్లలు వేల మంది వారం రోజులు ఎండల, వానల గేటు కాడ కూసున్నరు. ఏం అడిగిన్రు? రెగ్యులర్ వైస్ ఛాన్సలర్ కావాలన్నరు. సరిపోను సార్లు కావాలన్నరు. లాప్‌టాప్‌లు, మంచాలు, సరైన తిండి కావాలన్నరు. చివరికి విద్యాశాఖ మంత్రి పోయి కూసొని మాట్లాడితే లేచిన్రు. ఆ మరుసటి నెలనే మెస్సు తిండి తిని వందల మంది పిల్లలు ఆస్పత్రి పాలైన్రు. పేద పిల్లలకు పెట్టిన జాగ అంటే మన పాలకుల లెక్కల పేద జాగ అన్నట్టే. ఐఐటీల తిండి కోసం వారం రోజులు వానల కూసోవాల్సిన గతి వస్తదా? ఆలోచించండి.

అయినా నేను బాసరకు పోవద్దని చెప్పను. పోవాలనే చెప్త. పోయి, ఆ పిల్లల తీరుగ లోపల నిలబడి అడగాలె. లోపలికి పోయినంక కులం పోతదని ఎవరన్నా చెప్తే నమ్మకండి. రోహిత్ వేముల హైదరాబాద్ యూనివర్సిటీలకు జనరల్ మెరిట్‌ల పోయినోడు. 2016 జనవరి 17న ఏమైందో దేశమంతా చూసింది. అతని ఫెలోషిప్ నెలల తరబడి రాలేదు. గడప దాటుడు ఒక పోరాటం, దాటినంక నిలబడుడు ఇంకో పోరాటం.

రెండో తొవ్వ పాలిటెక్నిక్. పది కాంగనే పాలిసెట్ రాస్తే మూడేండ్ల డిప్లొమా. మన దగ్గర సిరిసిల్ల సర్కారు పాలిటెక్నిక్ అగ్రహారంల వుంది. డిప్లొమా కాంగనే ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంల సీటు. అంటే ఏంది? డిప్లొమాల చదివిన చదువుకు యూనివర్సిటీ ఒక ఏడాది జమ కట్టింది. మనం ఇందాక మాట్లాడిన క్రెడిట్ ఇదే. పేరు వేరు, పని ఒక్కటే. పది, మూడు, మూడు, మొత్తం పదహారు. ఇక్కడ కూడా ఏండ్లు సమానమే. కానీ పద్దెనిమిదేండ్లకే చేతిల డిప్లొమా వుంటది. ఇంట్ల అయ్యకు ఏమన్నా అయితే, చదువు ఆగితే, పిల్లగాని చేతులు ఖాళీగ వుండవు. మన ఇండ్లల్ల చదువు ఎప్పుడు ఆగుతదో ఎవరికీ తెల్వదు. అందుకే నడిమిట్ల చెల్లే కాయితం మనకు ప్రాణంతో సమానం.

మూడో తొవ్వ ముసలైన తొవ్వ. 1982లో దేశంల మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌ల పెట్టిన్రు. తర్వాత దానికే బాబాసాహెబ్ పేరు పెట్టిన్రు. అందులో చాలా ఏండ్లు ఇంటర్ లేనోళ్ళకు కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీల చేర్చుకున్నరు. ఇంటర్ గడప దాటకుండ డిగ్రీ. మన వాడల్ల అంగన్‌వాడీ అక్కలు, ఆర్టీసీ డ్రైవర్లు, హోంగార్డులు ఎంతమంది అట్ల పట్టాలు తెచ్చుకున్నరో మీకు ఎరుకే. వాళ్ళను అప్పుడు ఎక్కిరించిన్రు. రెగ్యులర్ కాదు, ఓపెన్ అన్నరు. బడి మూసిపెట్టినోడే ఓపెన్‌ను చూసి నవ్వుడు! కూలికి పోయొచ్చి రాత్రి చదివిన గంటలు తక్కువ గంటలా?

ఇక కొత్తగ వచ్చిన సంగతి. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని పెట్టిన్రు. చదివిన క్రెడిట్లు బ్యాంకుల పైసల తీరుగ జమ వుంటయట. 2023లో నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ అని ఇంకోటి వచ్చింది. దాంట్ల బడి చదువుకు కూడా క్రెడిట్ లెక్క పెట్టిన్రు. ఏడాదికి 1200 గంటలు, 40 క్రెడిట్లు. 30 గంటలకు ఒక క్రెడిట్ అన్నట్టు. పదో తరగతిది మూడో మెట్టు, పన్నెండోది నాలుగో మెట్టు, అట్ల పీహెచ్‌డీ దాకా ఎనిమిది మెట్లు. కాయితం మీద చూస్తే మన గంటలకు పద్దు దొరికినట్టే వుంది. మరి సంబురపడాల్నా? మూడు మాటలు అడిగి చూద్దాం.

మొదటిది. బయటికి పోయే దర్వాజలు. కొత్త పద్ధతిల ఒక ఏడాది చదివి పోతే సర్టిఫికెట్, రెండేండ్లకు డిప్లొమా, మూడేండ్లకు డిగ్రీ, నాలుగేండ్లకు ఆనర్స్. ఎప్పుడన్నా బయటికి పోవచ్చు, ఎప్పుడన్నా లోపలికి రావచ్చు అంటున్నరు. ఇందాక పాలిటెక్నిక్ కాయితం మంచిదన్న నేనే దీన్ని ఎందుకు అనుమానిస్తున్న? డిప్లొమా పిల్లగానికి ఈసెట్ అనే తిరిగొచ్చే తొవ్వ వుంది, అక్కడ సీటు వుంది. ఇక్కడ ఒక ఏడాది చదివి పోయిన పిల్ల మూడేండ్లకు తిరిగొస్తే సీటు ఎక్కడ? హాస్టల్ ఎక్కడ? స్కాలర్‌షిప్ మళ్ళీ మొదలైతదా? పోయే దర్వాజ పెద్దగ పెట్టి, వచ్చే దర్వాజ సన్నగ పెడ్తే, పోయేది ఎవరో మనకు చెప్పాల్నా? ఏడాదికే సర్టిఫికెట్ ఇచ్చి పంపితే, బడి మానేసిన లెక్కలనుంచి మన పిల్ల పేరు మాయమైతది. మానేసినట్టు కాదు, పూర్తి చేసినట్టే రాస్తరు!

రెండోది. పని గంటలకు కూడా క్రెడిట్ అంటున్నరు. చేతిపనికి విలువ ఇచ్చుడు మంచిదే. నేను చెప్పులు కుట్టుడును, మగ్గం నేసుడును తక్కువ చేసి మాట్లాడను. కానీ చరిత్ర మరువద్దు. 1953లో మద్రాసు రాష్ట్రంల రాజాజీ సగం పూట బడి, సగం పూట అయ్య పని అని పథకం తెచ్చిండు. కులవృత్తి చదువు అని జనం ఎదురు తిరిగిన్రు. 1954లో కామరాజ్ వచ్చి దాన్ని ఎత్తేసిండు. రేపు మాదిగ పిల్లగానికి తోలు పనిల క్రెడిట్, పద్మశాలి పిల్లకు సాంచల క్రెడిట్, దొర కొడుకుకు కోడింగ్‌ల క్రెడిట్ అంటే అది పాత మనుధర్మానికి కొత్త బ్యాంకు పాస్‌బుక్ ఇచ్చుడే. క్రెడిట్ ఎన్ని అన్నది కాదు, దేంట్ల క్రెడిట్ అన్నది అడగాలె.

మూడోది అన్నిటికంటే పెద్దది. స్కాలర్‌షిప్. మన పిల్లలను కాలేజీలల్ల నిలబెట్టింది పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌ల సభ్యునిగ వున్న కాలంల, 1944ల మొదలైంది. 2020 డిసెంబర్‌ల కేంద్రం దాని లెక్క మార్చి 60 వంతులు తను, 40 వంతులు రాష్ట్రం అని ఖరారు చేసింది. దాని పేరుల్నే వుంది, పోస్ట్ మెట్రిక్. పది దాటినంకనే. ఇప్పుడు అమెరికా తీరుగ తొమ్మిది, పదిలల్నే కాలేజి సబ్జెక్టులు మొదలువెడ్తే ఆ ఫీజు ఎవరు కడ్తరు? పది దాటలేదు కాబట్టి పోస్ట్ మెట్రిక్ రాదు. బడి సబ్జెక్టు కాదు కాబట్టి బడి ఇయ్యది. పైస వున్నోడు కొనుక్కుంటడు. కార్పొరేట్ బడులు కాలేజి క్రెడిట్లతో పదో తరగతి అని బోర్డులు పెడ్తయి. ఇంటర్‌ల జరిగిన దోపిడి ఎనిమిదో తరగతికి దిగుతది. మన పిల్ల కాలేజికి పోయే నాటికి పక్క సీటు పిల్ల సగం డిగ్రీ అవ్వగొట్టుకుని కూసుంటది.

కాలం, పైస ఎట్ల ముడిపడి వున్నయో బాబాసాహెబ్ జీవితమే చెప్తది. 1913ల బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద కొలంబియాకు పోయిండు. 1915ల ఎంఏ. 1916ల లండన్. అక్కడ చదువు నడుమ వుండంగ స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. 1917ల సగంల విడిచి ఇంటికి రావాల్సి వచ్చింది. ప్రపంచంల మేధావి అని ఇప్పుడు విగ్రహాలు పెడ్తున్నోళ్ళు గుర్తు పెట్టుకోవాలె, ఆయనను ఆపింది తెలివి కాదు, గడువు. మళ్ళ బొంబాయిల పాఠాలు చెప్పి, పైస పైస కూడబెట్టి, కొల్హాపూర్ శాహూ మహారాజ్ సాయం తీసుకుని, 1920ల తిరిగి పోయిండు. లండన్ విశ్వవిద్యాలయం ఆయన సీటును, చదివిన చదువును నిలిపి వుంచింది కాబట్టి 1921ల ఎంఎస్సీ, 1923ల డీఎస్సీ చేతికొచ్చినయి. తిరిగొచ్చే దర్వాజ అంటే ఇదీ. ఆ దర్వాజ లేకుంటే రాజ్యాంగం ఎట్ల వుండునో!

మరి మనం ఏం అడగాలె? అడుగుడంటే బిచ్చం కాదు, హక్కు. మన రెండు జిల్లాలు 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డయి. ఇవాళ మన చుట్టూ ఎన్ని కాలేజీలు వున్నయో చూడున్రి. నాచుపల్లిల జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజి. పొలాసల వ్యవసాయ కాలేజి, పరిశోధనా కేంద్రం. కోరుట్లల పశువైద్య కాలేజి. సిరిసిల్లల జేఎన్టీయూ కాలేజి, బాబూ జగ్జీవన్ రామ్ పేరు మీద వ్యవసాయ కాలేజి. జగిత్యాలల 2022 నుంచి, సిరిసిల్లల 2023 నుంచి సర్కారు మెడికల్ కాలేజీలు. ఇవన్నీ ఎవరి భూముల పక్క, ఎవరి పన్నుల మీద నడుస్తున్నయి? పొలాస పొలాల్ల కలుపు తీసే చేతులు ఎవరివి? ఆ కాలేజి ల్యాబ్‌ల ఒక్కసారన్నా మన జిల్లా పరిషత్ బడి పిల్ల సూక్ష్మదర్శినిల కన్ను పెట్టి చూసిందా? తల్లి పొలంల, బిడ్డ గేటు బయట. ఇదీ మన దూరం. కిలోమీటర్లల్ల అయితే నాలుగైదు, కులంల అయితే నాలుగు వేల ఏండ్లు.

అందుకని నేను అయిదు డిమాండ్లు మీ ముందర పెడ్తున్న. ఒకటి, ఈ సర్కారు కాలేజీలు చుట్టుపక్కల సర్కారు బడుల, గురుకులాల, సర్కారు జూనియర్ కాలేజీల పిల్లలకు ఒకటి రెండు సబ్జెక్టులు చెప్పాలె, ల్యాబ్ తెరవాలె, పాసైనోళ్ళకు క్రెడిట్ రాసివ్వాలె. రెండు, దానికి ఫీజు వుండొద్దు, బస్సు కిరాయి, మధ్యాహ్నం తిండి సర్కారే పెట్టాలె, పది దాటలేదనే సాకుతో స్కాలర్‌షిప్ ఆపొద్దు. మూడు, ఆ క్రెడిట్ రాష్ట్రంల ప్రతి యూనివర్సిటీల చెల్లాలె, చదువు ఆగినోళ్ళు తిరిగొస్తే సీటు, హాస్టల్, స్కాలర్‌షిప్ మూడూ తిరిగి దొరకాలె. నాలుగు, ఎవరిని చేర్చుకున్నరో కులంవారీగ, ఆడ మగ వారీగ ఏటా లెక్క బయటపెట్టాలె. అయిదు, ఈ క్రెడిట్ లేని పిల్లను వెనుకకు నెట్టొద్దు. లేమి పాయింట్లు వుండాలె.

నాలుగో డిమాండ్ల కులంవారీగ అని ఎందుకన్ననంటే, ఎస్సీ అని ఒక్క గంపల వేస్తే లోపల ఎవరికి దొరికిందో కనబడదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెయ్యొచ్చని చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి మన రాష్ట్రంల 15 శాతాన్ని మూడు గ్రూపులుగ చేసి ఒకటి, తొమ్మిది, అయిదు అని పంచిన్రు. దండోరా మూడు దశాబ్దాలు తిరిగిన తిరుగుడు అది. మాల అన్నలు, మాదిగ అన్నలు ఈ సభల పక్కపక్కన కూసున్నరు. నాకు సంతోషం. వాటా పంచుకునే కాడ లెక్క సాఫ్‌గ వుండాలె, గడప పగలగొట్టే కాడ చెయ్యి కలవాలె. డక్కలి, బుడగ జంగాల పిల్లలు ఇంకా మన గుమ్మం దాకనే రాలేదు. వాళ్ళు రాని సభను మనం నిండు సభ అనుకోవద్దు.

సర్కారు ఇచ్చే దాకా కూసుందామా? వద్దు. చేతిల వున్న పని చెప్త. పది ఫలితాలు వచ్చినంక బాసర నోటిఫికేషన్ పడ్తది, దానికి ముందే పాలిసెట్ దరఖాస్తులు నడుస్తయి. ఇప్పట్నుంచే కుల సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్‌ల పేరు, బడి రికార్డుల పేరు ఒక్క తీరుగ వున్నయో లేదో చూసుకోండి. ఒక్క అక్షరం తేడా వుంటే ఒక్క ఏడాది పోతది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎక్కడ చదివిన్రో స్టడీ సర్టిఫికెట్లు ఒక సంచిల పెట్టుకోండి. ప్రతి ఏటా నిబంధనలు మారుతయి, ఆ ఏటి కాయితం పూర్తిగ చదవాలె, పక్కోడు చెప్పింది విని వూకోవద్దు. మీసేవ కాడ దరఖాస్తు నింపే పిల్లగానికి తప్పు పోతే ఏం కాదు, మన పిల్లకు జిందగీ పోతది. చదువొచ్చిన అన్న పక్కన నిలబడి చూడాలె.

నా తోటి సార్లకు, మేడమ్‌లకు ఒక మాట. మనం చాలామందిమి మన ఇండ్లల్ల మొదటి డిగ్రీలోళ్ళం. నాకు ఫారం నింపిచ్చినోడు మా ఊరి పోస్టుమ్యాన్. మా అయ్యకు సంతకం రాదు, వేలిముద్ర. మనకు అప్పుడు ఎవరో ఒకరు పద్దు రాసిచ్చిన్రు, ఇప్పుడు మనం రాసియ్యాలె. బడికి ఒక్క సార్, వాడకు ఒక్క చదువుకున్న పిల్ల బాధ్యత తీసుకున్నా ఈ జూన్‌ల జారిపోయే పిల్లల్ల సగం మందిని పట్టుకోవచ్చు. పది ఫలితాలొచ్చిన రోజు నుంచి కాలేజి మొదలయ్యే రోజు దాకా ప్రతి ఇంటికి వారానికి ఒక్కసారి పోయి రావాలె. ఆ సెలవుల్లనే పెండ్లి మాటలు నడుస్తయి. ఆ సెలవుల్లనే పాస్‌పోర్టు ఏజెంటు వస్తడు. మనం కూడా ఆ సెలవుల్లనే పోవాలె.

అవ్వలకు ఆఖరి మాట. బిడ్డ బాసర పోతే ఆరేండ్లా అని భయపడొద్దు. కోరుట్ల మీదికెళ్ళి రైలు నిజామాబాద్ పోతది, అక్కడి నుంచి బాసర ఇంకో రైలు. అంత దూరమే. అదే బిడ్డను పదహారేండ్లకు పెండ్లి చేసి పంపితే ఎంత దూరం పోతదో మీకే ఎరుక. ఆరేండ్లు మనకు ఎక్కువనా? మన తాతలు తరాలకు తరాలు పద్దు లేని పని చేసిన్రు. ఆరేండ్లు పద్దున్న పని మన బిడ్డ చేస్తే ఆ ఇంట్ల తర్వాతి తరం మళ్ళీ లెక్క మొదట్నుంచి మొదలుపెట్టాల్సిన పని వుండదు.

బయట బల్ల మీద దరఖాస్తుల సంగతి రాసుకునే పుస్తకం పెట్టినం. పిల్ల పేరు, బడి పేరు, ఏ సర్టిఫికెట్ లేదో రాసి పోన్రి. వచ్చే ఆదివారం నుంచి ఒక్కొక్క వాడకు మేమే వస్తం.

జై భీమ్.